ఆస్ట్రేలియా మూలవాసులు రాజ్యాంగాన్ని ఏమడిగారు?

2023 అక్టోబర్ 14న ఆస్ట్రేలియా ఓటర్ల ముందు ఒకే ఒక్క ప్రశ్న పెట్టారు. ఈ దేశపు తొలి ప్రజల్ని గుర్తిస్తూ, పార్లమెంటుకీ ప్రభుత్వానికీ వాళ్ల మాట వినిపించే 'వాయిస్' అనే మండలిని రాజ్యాంగంలో పెట్టడానికి మీకు సమ్మతమేనా అని. వందలో అరవై మంది కాదన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా అవుననలేదు, కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతం మాత్రమే అంది. ఆ రోజుతో కథ అయిపోయిందని చాలామంది అనుకున్నారు గానీ, అసలు ఓడిపోయింది ఏమిటో ఇప్పటికీ చాలామందికి స్పష్టంగా లేదు. ఎందుకంటే ఆ ప్రచారమంతా మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేసి నడిచింది. రాజ్యాంగంలో పేరు ఉండటం ఒకటి, చట్టసభలో సీటు ఉండటం ఇంకొకటి, తమ గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు తమని అడగటం మూడోది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మూడూ కావాలి. కానీ మూడోది రాజ్యాంగంలో లేకపోతే మొదటి రెండూ ఎంత తేలిగ్గా ఖాళీ అయిపోతాయో ఆస్ట్రేలియా చరిత్రే చూపిస్తుంది.

1901 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో మూలవాసుల ప్రస్తావన రెండే చోట్ల ఉండేది, రెండూ వాళ్లని పక్కన పెట్టడానికే. 51వ సెక్షన్ ఏ జాతి ప్రజల కోసమైనా ప్రత్యేక చట్టాలు చేసే అధికారాన్ని కేంద్రానికి ఇస్తూ, రాష్ట్రాల్లోని ఆబొరిజినల్ జాతిని (అంటే మూలవాసుల్ని) మాత్రం మినహాయించింది. 127వ సెక్షన్ దేశ జనాభా లెక్కించేటప్పుడు వాళ్లని లెక్కలోకి తీసుకోకూడదని చెప్పింది. యాభై వేల ఏళ్లకు పైగా ఆ నేల మీద బతుకుతున్న మనుషుల గురించి కొత్త దేశం రాసుకున్న మాటలు అవీ.

1967 మే 27న జరిగిన రెఫరెండంలో (రాజ్యాంగ మార్పు మీద ప్రజలందరి ఓటులో) ఈ రెండు మాటల్నీ తీసేశారు. 90.77 శాతం మంది ఒప్పుకున్నారు, ఆ దేశ చరిత్రలోనే అంత పెద్ద మెజారిటీ మరే రెఫరెండానికీ రాలేదు. చాలామంది ఆ రోజునే వాళ్లకి ఓటు హక్కు వచ్చిందనుకుంటారు, కాదు. కేంద్ర ఎన్నికల్లో ఓటు 1962లోనే వచ్చింది, రాష్ట్రాల్లో ఆఖరున క్వీన్స్‌లాండ్ 1965లో ఇచ్చింది. 1967లో జరిగింది మినహాయింపుల తొలగింపు, అంతే. దాంతో జనాభా లెక్కల్లోకి వచ్చారు, కేంద్రం వాళ్ల గురించి చట్టాలు చేసే వీలు కలిగింది, కానీ రాజ్యాంగంలో వాళ్ల పేరే లేకుండా పోయింది. ఇంతకుముందు వద్దు అనడానికైనా పేరుండేది. ఇక ఏ జాతికైనా ప్రత్యేక చట్టాలు చేసే ఆ అధికారం ఇప్పటికీ ఉంది, పైగా దాన్ని మేలుకి మాత్రమే వాడాలని ఎక్కడా రాసి లేదు.

ఇది ఊరికే అనుమానం కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో హిండ్‌మార్ష్ దీవికి వంతెన కట్టే వివాదంలో, అది తమ పవిత్ర స్థలమని న్గరింజెరి జాతి మూలవాసి స్త్రీలు అడ్డు చెప్పారు. వారసత్వ స్థలాల రక్షణ చట్టం ఆ ఒక్క చోటికి వర్తించకుండా పార్లమెంటు 1997లో ప్రత్యేకంగా ఇంకో చట్టం చేసింది. 1998లో హైకోర్టు (అక్కడ అత్యున్నత న్యాయస్థానం పేరు అదే) ఆ చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత 2007లో నార్తర్న్ టెర్రిటరీలో 'అత్యవసర జోక్యం' పేరుతో కేంద్రం రంగంలోకి దిగింది. డజన్ల కొద్దీ ఆబొరిజినల్ ఊళ్లలో భూమి మీద నియంత్రణ, సంక్షేమ డబ్బు ఎలా ఖర్చు పెట్టుకోవాలన్న నిర్ణయం, మద్యం మీద ఆంక్షలు అన్నీ ఒక్కసారిగా మార్చేసింది, ఇందుకోసం 1975 నాటి జాతి వివక్ష నిషేధ చట్టాన్నే అక్కడ వర్తించకుండా పక్కన పెట్టింది. ఒక మామూలు చట్టాన్ని ఇంకో మామూలు చట్టం పక్కన పెట్టగలదు, అందులో చట్టపరంగా తప్పేమీ లేదు. అందుకే వాళ్లు రాజ్యాంగం తలుపు తట్టారు.

మండలులు పెట్టారు, తీసేశారు

"సలహా మండలి కావాలంటే పార్లమెంటు చట్టం చేసుకోవచ్చుగా, రాజ్యాంగం దాకా ఎందుకు?" అన్నది 2023లో అందరికంటే ఎక్కువగా వినిపించిన ప్రశ్న. సహేతుకమైన ప్రశ్నే. దానికి జవాబు ఆ దేశమే యాభై ఏళ్లపాటు ప్రయోగం చేసి మరీ చెప్పింది.

1973లో ప్రధాని విట్లామ్ ప్రభుత్వం జాతీయ ఆబొరిజినల్ సంప్రదింపుల కమిటీని పెట్టింది, సభ్యుల్ని మూలవాసులే ఎన్నుకున్నారు. తర్వాతి ప్రభుత్వం దాన్ని తీసేసి 1977లో నేషనల్ ఆబొరిజినల్ కాన్ఫరెన్స్ పెట్టింది. 1985లో అదీ పోయింది. 1990లో ఆట్సిక్ (ఆబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల ప్రజల కమిషన్) వచ్చింది. ఇది సలహాతో ఆగకుండా నిధులు ఖర్చు పెట్టే అధికారం కూడా ఉన్న సంస్థ, ఎన్నికైన ప్రాంతీయ మండలులు దేశమంతా ఉండేవి. 2005లో ప్రధాని హోవర్డ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, ప్రతిపక్ష లేబర్ పార్టీ కూడా అప్పటికే దాన్ని వదిలేసింది. ఆట్సిక్ నాయకత్వం మీద ఆరోపణలు ఉన్నాయి, పనితీరు మీద విమర్శలు ఉన్నాయి, వాటిని దాచాల్సిన పని లేదు. కానీ ఒక మంత్రిత్వ శాఖలో అక్రమాలు జరిగితే మంత్రిని మారుస్తారు, అధికారుల్ని మారుస్తారు, శాఖనే ఎత్తేసి ఇక ఆ ప్రజలకి ప్రతినిధులే అక్కర్లేదనరు కదా. ఇక్కడ జరిగింది సరిగ్గా అదే. 2010లో నేషనల్ కాంగ్రెస్ అనే సంస్థ వచ్చింది, కొన్నేళ్లకే ప్రభుత్వం మారి నిధులు ఆపేసింది, 2019లో అది మూతపడింది.

అంటే ప్రతి తరం నాయకులూ మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఆఫీసు, సిబ్బంది, ఊరూరా తిరిగి కూడబెట్టిన నమ్మకం, ఏ శాఖలో ఎవరితో మాట్లాడితే పని జరుగుతుందన్న అనుభవం, అంతా పోతుంది. ప్రభుత్వానికి నచ్చని మాట గట్టిగా చెబితే తమ సంస్థే ఉండదని తెలిసినప్పుడు ఎవరైనా ఎంత గట్టిగా చెబుతారు? రాజ్యాంగంలో పెట్టమని అడగటానికి మూలకారణం ఇదే, గౌరవం ఆ తర్వాతి మాట. మండలి ఎలా ఉండాలో పార్లమెంటు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, కానీ అసలు లేకుండా చేయడానికి మళ్లీ ప్రజల దగ్గరికి వెళ్లాల్సిందే. అడిగింది అంతవరకే.

ఈ డిమాండ్ కొత్తదేమీ కాదు. 1930లలోనే యోర్టా యోర్టా జాతికి చెందిన విలియం కూపర్ అనే పెద్దాయన 1,814 సంతకాలు సేకరించి, పార్లమెంటులో తమకు ఒక ప్రతినిధి కావాలని బ్రిటన్ రాజుకి అర్జీ పెట్టాడు. ఆ అర్జీని రాజుకి పంపనక్కర్లేదని 1938లో ఆస్ట్రేలియా కేబినెట్ నిర్ణయించింది. ఆ కాలంలో ఒక్కో సంతకం కోసం నిఘాలో ఉన్న శిబిరాలకీ, మిషన్లకీ వెళ్లి కూడబెట్టిన కాగితాలవి. పంపనక్కర్లేదన్నారు, అంతే.

2015లో రెండు ప్రధాన పార్టీలూ కలిసి ఒక రెఫరెండం కౌన్సిల్ పెట్టాయి. అది దేశంలోని వేర్వేరు ప్రాంతాల్లో మూలవాసులతో వరుసగా సమావేశాలు జరిపింది. అక్కడికి వచ్చినవాళ్లు పీఠికలో నాలుగు మంచి మాటలు చాలన్న ఆలోచనని ఒప్పుకోలేదు. 1999లో అలాంటి పీఠికనే రెఫరెండంలో పెట్టారు. దానికి చట్టపరమైన బలం ఉండదని ఆ ప్రతిపాదనలోనే రాశారు, అయినా అదీ ఓడిపోయింది. కాబట్టి ఖాళీ గౌరవం కోసం ఇంకోసారి పోరాడే ఓపిక ఎవరికీ లేదు. 2017 మే 26న నడి ఆస్ట్రేలియాలోని ఉలూరు కొండ దగ్గర సుమారు 250 మంది ప్రతినిధులు కలిసి ఒక ప్రకటన చేశారు, రాజ్యాంగంలో వాయిస్, ఆ తర్వాత ప్రభుత్వాలతో ఒప్పందాలు, చరిత్రలో జరిగిన నిజాలు బయటికి చెప్పుకునే ప్రక్రియ, ఇవీ అడిగింది. వరుస కూడా వాళ్లే ఆలోచించి పెట్టుకున్నారు: ముందు మాట్లాడటానికి ఒక గట్టి వేదిక ఉంటేనే ఒప్పందం గురించి కూర్చుని మాట్లాడగలరు.

అవతలి వాదనలు

ప్రతిపాదిత 129వ సెక్షన్‌లో ఉన్నది మూడు వాక్యాలే. వాయిస్ అనే మండలి ఉంటుంది. మూలవాసులకు సంబంధించిన విషయాల మీద అది పార్లమెంటుకీ ప్రభుత్వానికీ తన మాట చెప్పవచ్చు. దాని కూర్పు, పనులు, అధికారాలు, పద్ధతుల మీద చట్టాలు చేసే అధికారం పార్లమెంటుదే. వీటో లేదు, నిధులు పంచే అధికారం లేదు, చెప్పిన మాట వినితీరాలన్న షరతు కూడా లేదు.

"ఇది జాతి పేరుతో దేశాన్ని విడగొడుతుంది" అన్నారు. ఈ భయం నిజాయితీగా ఉన్నవాళ్లు కూడా చాలామందే ఉన్నారు, సమానత్వం అన్నమాట మీద వాళ్లకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ రాజ్యాంగంలో జాతి ఇప్పటికే ఉంది. 51వ సెక్షన్ సంగతి చెప్పాను, 25వ సెక్షన్ చూడండి: ఏ రాష్ట్రమైనా ఒక జాతి వాళ్లందరికీ ఓటు లేకుండా చేస్తే అప్పుడు లెక్కలు ఎలా వేయాలో ఈ రోజుకీ అందులో రాసి ఉంది. మూలవాసులు అడిగేది తమ రక్తం వేరని కాదు, ఈ దేశం ఏర్పడకముందు నుంచీ తమ చట్టాలతో, తమ భూములతో ఇక్కడ ఉన్నామని. ఆ సంగతిని 1992లో మాబో కేసులో హైకోర్టే ఒప్పుకుంది. బ్రిటిష్ వాళ్లు వచ్చేటప్పటికి అది ఎవరిదీ కాని నేల అన్న కట్టుకథని ఆ తీర్పు పక్కన పడేసింది. తీర్పు వచ్చేటప్పటికి కేసు వేసిన ఎడ్డీ మాబో బతికి లేడు, కొన్ని నెలల ముందే చనిపోయాడు.

"పార్లమెంటులో ఇప్పటికే పదకొండు మంది ఉన్నారు కదా" అన్నది ఇంకో వాదన. 2022 ఎన్నికల తర్వాత 227 మందిలో 11 మంది మూలవాసులు, జనాభాలో వాళ్ల వాటా 3.8 శాతం, అంటే లెక్కకి ఎక్కువే. ప్రాతినిధ్యాన్నీ సంప్రదింపునీ ఒకటిగా చూడటం ఇక్కడే జరుగుతుంది. ఆ పదకొండు మంది తమ పార్టీ టికెట్ మీద, తమ రాష్ట్రం లేదా నియోజకవర్గం ఓటర్లందరి తరఫున వచ్చినవాళ్లు, పార్టీ విప్‌కి కట్టుబడేవాళ్లు. వాయిస్‌ని అందరికంటే గట్టిగా వ్యతిరేకించిన సెనేటర్ జసింటా ప్రైస్, దాని కోసం పోరాడిన అప్పటి మంత్రి లిండా బర్నీ ఇద్దరూ ఆ పదకొండు మందిలోనే ఉండేవారు. ఇద్దరూ తమ ఓటర్లకి జవాబుదారీ, అందులో తప్పులేదు. కానీ వాళ్లలో ఎవరినీ మూలవాసులు మూలవాసులుగా ఎన్నుకోలేదు. 2022 ఎన్నికల తర్వాత పదకొండు మంది ఉన్నారు, 1971లో నెవిల్ బోనర్ సెనేట్‌లోకి వచ్చేదాకా ఒక్కరూ లేరు, రేపు ఎంతమంది ఉంటారో పార్టీల దయ.

"వివరాలు లేవు" అన్న వాదన 'నో'కి ఓట్లు తెచ్చింది. "మీకు తెలియకపోతే నో వేయండి" అన్న నినాదం దాని మీదే నడిచింది. రాజ్యాంగాలు సంస్థ ఉంటుందని చెప్పి వివరాలు పార్లమెంటుకి వదిలేయడం మామూలే, అదే రాజ్యాంగం హైకోర్టు ఉంటుందని చెప్పి ఎంతమంది జడ్జీలన్నది చట్టానికి వదిలింది, కోర్టు ఏర్పడింది 1903లో. అయినా ఇక్కడ ప్రభుత్వానిదే తప్పని నా అభిప్రాయం. ముసాయిదా చట్టాన్ని ఓటర్ల ముందు పెట్టి, మండలిలో ఎంతమంది ఉంటారు, ఎలా ఎన్నికవుతారు అన్నది చూపించి ఉంటే ఆ అనుమానం ఇంత పెరిగేది కాదు. ప్రతిపక్షం మద్దతు లేకుండా ఆ దేశంలో ఏ రెఫరెండమూ నెగ్గలేదని అందరికీ తెలుసు. దేశం మొత్తం మీద మెజారిటీతో పాటు ఆరు రాష్ట్రాల్లో నాలుగు ఒప్పుకోవాలన్న నిబంధన వల్ల, ఇప్పటిదాకా 45 ప్రతిపాదనల్లో నెగ్గినవి 8 మాత్రమే. అంత ఎత్తు గోడ ఎక్కాలని తెలిసి కూడా నిచ్చెన లేకుండా వెళ్లారు.

నేను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించేది వామపక్షం వైపు నుంచి వచ్చిన వ్యతిరేకత గురించి. సెనేటర్ లిడియా థోర్ప్ లాంటివాళ్లు, అధికారం లేని సలహా మండలిని వలస రాజ్యాంగంలో ఇరికిస్తే తమ సార్వభౌమత్వం సంగతేమిటి, ముందు ఒప్పందం కావాలి అన్నారు. సలహా చెప్పే హక్కుని వినని హక్కు ఎప్పుడూ ఓడిస్తుందన్నది వాళ్ల బాధ. అది నిజమే. కానీ శాశ్వతమైన వేదిక మీద చెప్పిన సలహాని తోసిపుచ్చితే ఆ సంగతి రికార్డులో ఉంటుంది, పత్రికల్లో వస్తుంది, ఎన్నికల్లో ప్రశ్నగా మారుతుంది. అది చిన్న అధికారమే, కానీ లేనిదానికంటే చాలా ఎక్కువ. పైగా నార్తర్న్ టెర్రిటరీలో మూలవాసులు ఎక్కువగా ఉన్న మారుమూల ఊళ్ల పోలింగ్ కేంద్రాల్లో భారీ మెజారిటీతో అవునన్నారు. ఎవరి గురించి ఓటు జరిగిందో వాళ్లు ఏమన్నారన్నది నాకు ముఖ్యం.

ఇతర దేశాల్లో ఎలా ఉంది

న్యూజిలాండ్ సీట్ల దారి పట్టింది. 1867లో అక్కడి మూలవాసులైన మావోరీలకు నాలుగు ప్రత్యేక స్థానాలు ఇచ్చారు, ఐదేళ్ల తాత్కాలిక ఏర్పాటని. జనాభాని బట్టి అయితే ఇంకా చాలా ఎక్కువ రావాల్సింది. ఆ తాత్కాలికం ఇప్పటికీ కొనసాగుతోంది. మన దగ్గర ఎస్టీ స్థానాల్లో ఓటర్లందరూ ఓటు వేస్తారు, అక్కడ మాత్రం మావోరీ జాబితాలో పేరు నమోదు చేసుకున్నవాళ్లే ఆ స్థానాలకి ఓటు వేస్తారు. 1993 నుంచి ఆ జాబితాలో చేరినవాళ్ల సంఖ్యని బట్టి సీట్లు పెరుగుతూ ఏడుకి వచ్చాయి. కొన్ని ఎన్నికల్లో ప్రభుత్వం ఎవరిదన్నది తేల్చడంలో ఆ సీట్లు కీలకమవుతాయి కాబట్టి పార్టీలు మావోరీల దగ్గరికి రాక తప్పదు, సీట్లకున్న బలం ఇదే. అయితే ఆ సీట్లకి రాజ్యాంగ రక్షణ లేదు, మామూలు మెజారిటీతో తీసేయవచ్చు. మావోరీలకీ బ్రిటన్‌కీ మధ్య 1840లో కుదిరిన వైటాంగి ఒప్పందం అర్థాన్ని తిరగరాసే బిల్లు 2024లో వచ్చినప్పుడు వేలాది మంది వెల్లింగ్టన్‌కి నడిచి వెళ్లాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆ బిల్లు 112-11 ఓట్లతో వీగిపోయింది. గెలిచారు సరే, కానీ ప్రతి తరమూ ఇలా వీధిలోకి రావాల్సి రావడం న్యాయం కాదు.

నార్వేలో మూలవాసులైన సామి ప్రజల కథ ఆల్టా నది మీద ఆనకట్టతో మొదలవుతుంది. 1979లో సామి యువకులు పార్లమెంటు ముందు నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఆనకట్టని ఆపలేకపోయారు, కట్టేశారు. కానీ ఆ ఉద్యమం వల్ల 1987లో సామి చట్టం, 1988లో రాజ్యాంగ సవరణ, 1989లో కారాస్యోక్‌లో సామి పార్లమెంటు వచ్చాయి. ఎవరు సామి అన్న ప్రశ్నకి కూడా వాళ్లు ఒక మార్గం చూసుకున్నారు. తాను సామినని ప్రకటించుకోవాలి. తనకో, తల్లిదండ్రులకో, తాత ముత్తాతలకో సామి ఇంటి భాష అయి ఉండాలి. సామి పార్లమెంటుకి చట్టాలు చేసే అధికారం లేదు, అయినా దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, దేశమేమీ ముక్కలు కాలేదు. లోపమేంటో 2021లో తెలిసింది. ఫోసెన్ ప్రాంతంలో పెట్టిన గాలిమరల లైసెన్సులు రెయిన్‌డీర్ కాపరుల హక్కుల్ని ఉల్లంఘించాయని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది, కానీ మరలు తిరుగుతూనే ఉన్నాయి. ఐదు వందల రోజులు దాటాక యువత మంత్రిత్వ శాఖల్ని ముట్టడిస్తే అప్పుడు మంత్రులు క్షమాపణ చెప్పారు.

కెనడాలో ఈ పని ఎక్కువగా కోర్టుల ద్వారా జరిగింది. 1982 రాజ్యాంగ చట్టంలో 35వ సెక్షన్ మూలవాసుల హక్కుల్నీ ఒప్పందాల హక్కుల్నీ గుర్తించింది. చర్చల మధ్యలో ఆ సెక్షన్‌ని ఒకసారి తీసేశారు కూడా, ఆందోళనలతో వెనక్కి తెచ్చుకున్నారు. అందులో కీలకమైనది ఒకే వాక్యం, కానీ చట్టబలం ఉన్న వాక్యం. దాని నుంచే 2004లో హైడా జాతి వేసిన కేసులో, హక్కు ఇంకా రుజువు కాకముందే కూడా ప్రభుత్వం సంప్రదించి తీరాలన్న బాధ్యత పుట్టింది. ప్రత్యేక సీట్లు మాత్రం అక్కడ లేవు.

చిలీ మాత్రం నాకు నిరుత్సాహం కలిగించిన అనుభవం. కొత్త రాజ్యాంగం రాయడానికి పెట్టిన సభలో 155 స్థానాల్లో 17 మూలవాసులకి కేటాయించారు, మాపూచే జాతికి చెందిన ఎలిసా లోంకోన్ ఆ సభకి తొలి అధ్యక్షురాలు అయ్యారు. ఆ ముసాయిదా 2022 సెప్టెంబర్‌లో దాదాపు 62 శాతం వ్యతిరేక ఓటుతో పోయింది. అందులో ఇంకా వంద విషయాలు ఉన్నాయి, ఓటమిని ఒక్క దానికే కట్టడం సరికాదు. కానీ మైనారిటీ హక్కుల్ని మెజారిటీ ఓటుకి పెట్టడంలో ఉన్న ఇబ్బంది చిలీలోనూ ఆస్ట్రేలియాలోనూ ఒకటే. ఆస్ట్రేలియాలో అయితే జనాభాలో నాలుగు శాతం కూడా లేనివాళ్లు మిగతా తొంభై ఆరు శాతాన్ని ఒప్పించాలి, అది కూడా వాళ్లని ఎప్పుడూ కలవని, వాళ్ల ఊళ్లు ఎప్పుడూ చూడని నగర ఓటర్లని.

ఆస్ట్రేలియాలో ఇప్పుడు పని రాష్ట్రాలకి మారింది. దక్షిణ ఆస్ట్రేలియా 2023లో రాష్ట్ర స్థాయి వాయిస్‌కి చట్టం చేసింది, 2024 మార్చిలో ఎన్నికలు జరిగాయి. ఓటింగ్ చాలా తక్కువగా నమోదైంది. జాతీయ ఓటమి తర్వాత కొన్ని నెలలకే జరిగిన ఎన్నిక అది. విక్టోరియాలో 2019 నుంచీ ఎన్నికైన మూలవాసుల సభ ఉంది, ఆ సభ ప్రభుత్వంతో చర్చించి కుదుర్చుకున్న ఒప్పందం 2025లో చట్టమైంది, ఆ దేశంలో ఇలాంటిది మొదటిది. క్వీన్స్‌లాండ్‌లో కూడా ఒప్పందానికి దారి వేసే చట్టం ఉండేది. 2024లో ప్రభుత్వం మారగానే, వారాల్లోనే దాన్ని రద్దు చేశారు. దాంతోపాటే చరిత్రలో జరిగిన అన్యాయాల మీద సాక్ష్యాలు వింటున్న విచారణ కూడా మధ్యలో ఆగిపోయింది. విక్టోరియాలోనూ తాము గెలిస్తే ఆ చట్టాన్ని రద్దు చేస్తామని ప్రతిపక్షం ఇప్పటికే ప్రకటించింది. ఆ సభ ఉంటుందా పోతుందా అన్నది అక్కడి మూలవాసుల చేతిలో లేదు, వచ్చే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారన్నదాని మీదే ఆధారపడి ఉంది.